5.9 సీజీపీఏతో సివిల్ పాసై ఇప్పుడేం చేయాలని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండు మూడుసార్లు చదివాను. దేవరకొండ దగ్గర ఊరు, హైదరాబాద్ శివారు కాలేజీలో సివిల్, ఆరు సప్లీలు, ఏడాది ఆలస్యంగా పాస్, 5.9 సీజీపీఏ, మెమో మీద సెకండ్ క్లాస్. నువ్వు అడిగినవి నాలుగు. రెజ్యూమెలో 62 శాతం అని రాసుకోవచ్చా? అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ లక్షన్నర కడితే రెండేళ్ల సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తానంటోంది, కట్టాలా? ఎంటెక్ చేస్తే ఈ మచ్చ పోతుందా? కొడుకు ఫస్ట్ క్లాసని ఊరంతా చెప్పుకున్న నాన్నకు ఏం చెప్పాలి?

ముందు నా సంగతి. మాది అచ్చంపేట వైపు. 2005లో సివిల్ పాసయ్యాను, 51 శాతం, ఏడు సప్లీలు. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ మూడోసారికి గట్టెక్కింది. ఇప్పుడు ఒక కాంట్రాక్ట్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్‌ని. ఏడాదికి ముప్పై నలభై మంది కొత్త పిల్లలను ఇంటర్వ్యూ చేస్తాను. నీ భయం నాకు తెలుసు, నీ రెజ్యూమె చూసినప్పుడు ఎదుటివాడికి ఏమనిపిస్తుందో కూడా తెలుసు.

62 సంగతి ముందు తేల్చేద్దాం. రాయొద్దు. నీతి కోసం చెప్పడం లేదు, దొరికిపోతావు కాబట్టి చెప్తున్నాను. జాయినింగ్ రోజు హెచ్ఆర్ వాళ్లు సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో), ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఒరిజినల్స్ అడుగుతారు. రెండేళ్ల కింద మా దగ్గర ఒక కుర్రాడు ఇంటర్వ్యూ బాగా చేశాడు. నేను మార్కులు అడగనే లేదు. రెజ్యూమెలో 64 ఉంది, మెమోలో 54. పెట్టె, పరుపు సర్దుకుని సైట్‌కు వచ్చినవాణ్ణి అదే బస్సులో తిప్పి పంపారు. 54 అని రాసి ఉంటే తీసుకునేవాళ్లం. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, కానీ హెచ్ఆర్ చేసింది తప్పని అనలేను. రేపు కాంక్రీట్ టెస్ట్ రిజిస్టర్‌లో కూడా అలాగే అంకెలు దిద్దితే ఎవరు బాధ్యత?

ఇంకో చిన్న పొరపాటు చాలామంది తెలియక చేస్తారు. 5.9ని పదితో గుణించి 59 అని రాస్తారు. జేఎన్‌టీయూహెచ్ లెక్క అది కాదు. సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. అంటే నీది 54. శాతం అడిగితే 54 రాయి, అడగకపోతే 5.9 అనే ఉంచు. చదువు వివరాలను రెజ్యూమె చివర్లో రెండు లైన్లలో పెట్టు. పైన నువ్వు ఏ పని చేయగలవో ఉండాలి. ఇప్పుడు పైన రాయడానికి ఏమీ లేదంటావు, తెలుసు. దాని గురించే ఎక్కువ చెప్తాను.

లక్షన్నర కట్టకు. ఉద్యోగంలో చేరినవాడి పీఎఫ్ అకౌంట్‌కు యూఏఎన్ అనే నంబర్ ఉంటుంది. ఎక్కడ ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దాన్ని చూస్తారు. దొంగ ఎక్స్‌పీరియన్స్‌తో చేరినవాళ్లను ఆరు నెలల తర్వాత, ఏడాది తర్వాత కూడా తీసేస్తున్నారు. నీకు నిజంగా కోడింగ్ మీద ఇష్టముంటే సాఫ్ట్‌వేర్‌కు వెళ్లు, తప్పేం లేదు. నెల రోజులు ఇంట్లో కూర్చుని ఫ్రీగా దొరికే పాఠాలతో ఒక చిన్న ప్రోగ్రాం రాసి చూడు. అది రాస్తున్నప్పుడు అన్నం సంగతి మర్చిపోయావా, కోచింగ్ సెంటర్లుండే మైత్రివనం బస్సెక్కు. లేదా పక్కింటి అన్న వెళ్లాడు కాబట్టి నేనూ వెళ్లాలనిపిస్తోందా, ఆగు.

ఇక మార్కులు. పెద్ద కంపెనీల క్యాంపస్ సెలక్షన్లలో టెన్త్, ఇంటర్, బీటెక్ అన్నింట్లో 60 ఉండాలంటారు. అది నీకు అయిపోయింది, దాని గురించి ఆలోచించడం మానేయ్. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్ష స్కోర్‌తో తీసుకునే ప్రభుత్వరంగ సంస్థల్లో చాలావాటికి 60 కావాలి, కొన్నింటికి 65. ఎన్ఐటీల్లో ఎంటెక్‌కు జనరల్ వాళ్లకు 60 శాతమో 6.5 సీజీపీఏనో ఉండాలి, రిజర్వేషన్ ఉంటే కొంత తగ్గుతుంది.

కటాఫ్ లేని చోట్లు ఎవరూ చెప్పరు. గేట్ పరీక్ష రాయడానికి కనీస మార్కులు లేవు, వయసు పరిమితి లేదు. ఎస్ఎస్‌సీ జూనియర్ ఇంజినీర్‌కు పాసైతే చాలు. రైల్వే జేఈకి అంతే. యూపీఎస్‌సీ ఇంజినీరింగ్ సర్వీసెస్‌కు కూడా డిగ్రీ ఉంటే చాలు, శాతం అడగరు. మన రాష్ట్రంలో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) పోస్టులకూ అంతే. 2022లో ఏఈఈకి 1,540 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది. వాటికి పోటీ పడ్డవాళ్లలో డిస్టింక్షన్ ఎవరిది, పాస్ క్లాస్ ఎవరిదన్నది పరీక్ష హాల్లో ఎవరికీ తెలియదు. రాష్ట్ర ఉద్యోగాల కోసం చేసిన రెండు భాగాల్లో నల్లగొండ, పాలమూరు రెండూ మల్టీజోన్-2లోకి వస్తాయి కాబట్టి లోకల్ రిజర్వేషన్ లెక్క కూడా చూసుకో.

అలాగని రెండేళ్లు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో కూర్చుని నోటిఫికేషన్ కోసం ఎదురు చూడమనడం లేదు. మా తరంలో అలా కూర్చున్నవాళ్లను చూశాను. నోటిఫికేషన్ రాలేదు, వయసు ముప్పై దాటింది, చేతిలో పని లేదు. ప్రిపరేషన్ చేయాలనుకుంటే పని చేస్తూ చెయ్. ఎస్ఎస్‌సీ జేఈకి చదివేదీ, సైట్‌లో పనికొచ్చేదీ చాలావరకు ఒకే సిలబస్.

సైట్ గురించి చెప్పాలంటే నా కథే చెప్పాలి. నాకు క్యాంపస్ లేదు, రెకమండేషన్ లేదు. జలయజ్ఞం కింద సాగునీటి ప్రాజెక్టుల పనులు మొదలైన రోజులవి. మన పాలమూరు మొత్తం కాలువలు, పంప్‌హౌస్‌లు, టన్నెళ్లు. ఒక సబ్ కాంట్రాక్టర్ దగ్గర సైట్ సూపర్‌వైజర్‌గా చేరాను. ఇంజినీర్ అని కూడా కాదు, సూపర్‌వైజర్. నెలకు 4,500, రేకుల షెడ్డులో మకాం, మెస్‌లో రెండు పూటలా అన్నం, పప్పు. మా తాత నాగార్జునసాగర్ కట్టినప్పుడు తట్ట మోసినవాడు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా పాలమూరు లేబర్ ఉంటారని పేరు కదా. ఆయన ఒక్కటే అన్నాడు, "మట్టి మేం మోస్తిమి, లెక్క ఎవడో రాసుకున్నడు. నువ్వు లెక్క నేర్సుకో."

నాకు అప్పటికి లెక్క రాదు. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, బీటెక్ పాసైన నాకు బార్ బెండింగ్ షెడ్యూల్, అంటే ఏ రాడ్ ఎంత పొడవు, ఎన్ని కావాలన్న లెక్క, వేయడం రాదు. మా మేస్త్రీ నారాయణపేట వైపు ఆయన, ఏడో తరగతి చదివాడు. రాడ్ సైజు చూసి మీటరు బరువు నోటితో చెప్పేవాడు. నేను ఆశ్చర్యపోతే నవ్వి, "సైజుకు సైజు కొట్టి 162తో భాగించు సారూ" అన్నాడు. 16 ఎంఎం రాడ్ అంటే 16ని 16తో గుణించి, వచ్చిన 256ని 162తో భాగిస్తే 1.58 కిలోలు. 12 మీటర్ల రాడ్ బరువు దాదాపు 18.96. ఈ సూత్రం మాకు కాలేజీలో చెప్పలేదని అనను, చెప్పినప్పుడు నేను క్లాసులో లేను.

నేర్చుకున్న వారానికే హీరో అయిపోదామనుకున్నాను. 16 ఎంఎం ఇనుము లోడ్ వచ్చింది. కాటా చీటీ మీద 9.8 టన్నులు. రాడ్లు లెక్క పెడితే 498. 498 ఇంటూ 18.96, అంటే 9,442 కిలోలు. 358 కిలోలు తక్కువ! ఆ రోజుల్లో అది నా రెండు నెలల జీతం. కాటా మోసమని లారీ ఆపేసి గొడవ చేశాను. డ్రైవర్ తిట్టాడు, నేనూ తిట్టాను. మేనేజర్ వచ్చి ఒక మీటరు ముక్క కోయించి తూకం వేయించాడు. 1.64 వచ్చింది. రాడ్డే బరువుగా ఉంది, కాటా సరిగ్గానే ఉంది. దాన్ని రోలింగ్ మార్జిన్ అంటారని, 16 ఎంఎంకు ఐదు శాతం వరకు అటూ ఇటూ ఉండొచ్చని కడ్డీల ప్రమాణం ఐఎస్ 1786లో ఉందని అప్పుడే విన్నాను.

తల దించుకుని నిలబడితే ఆయన తిట్టలేదు. "దొంగతనం లేదు కానీ నష్టం నిజమే" అన్నాడు. మనం ఇనుము కొనేది కాటా బరువు మీద. డిపార్ట్‌మెంట్ మనకు బిల్లిచ్చేది పొడవు కొలిచి సూత్రం బరువు మీద. మధ్యలో ఆ 358 కిలోలు కాంట్రాక్టర్ నెత్తిన పడతాయి. మరుసటి లోడ్ నుంచి ప్రతిసారీ ముక్క కోసి తూచి, రిజిస్టర్ రాసే పని నాకే ఇచ్చాడు. ఆరు నెలల్లో ఏ మిల్లు ఇనుము బరువు, ఏది తేలిక అని సైట్‌లో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. అక్కడి నుంచి బిల్లింగ్‌లోకి, తర్వాత ప్లానింగ్‌లోకి వెళ్లాను. నా 51 శాతం గురించి ఆ మేనేజర్ ఎన్నడూ అడగలేదు. ఆ రిజిస్టర్ మాత్రం రోజూ అడిగేవాడు.

నీకు చెప్పదలచుకున్నది ఇదే. నీ మార్కులు తగ్గడం ఒక సమస్య, నీకు పని రాకపోవడం ఇంకో సమస్య. మొదటిదాన్ని మార్చలేవు. రెండోది ఆరు నెలల్లో సగం తీరుతుంది. కానీ నూటికి తొంభై మంది మొదటిదాని గురించి ఏడుస్తూ రెండోదాన్ని వదిలేస్తారు. డిస్టింక్షన్ వచ్చినవాళ్లలో కూడా రెండో సమస్య ఉన్నవాళ్లు బోలెడు మంది, ఇంటర్వ్యూల్లో రోజూ చూస్తున్నాను.

నేను ఇంటర్వ్యూలో అడిగేవి చెప్పేస్తాను, దాచేదేముంది. ఒక బీమ్ డ్రాయింగ్ ఇచ్చి స్టిరప్‌లు (రాడ్ల చుట్టూ కట్టే రింగులు) ఎన్ని వస్తాయో లెక్క వేయమంటాను. సిమెంట్, ఇసుక, కంకర ఒకటి ఒకటిన్నర మూడు పాళ్లలో కలిపిన కాంక్రీట్ క్యూబిక్ మీటర్‌కు సిమెంట్ ఎన్ని బస్తాలంటాను. ఎనిమిది. 40 క్యూబిక్ మీటర్ల స్లాబ్ వేస్తే బలం పరీక్షకు కాంక్రీట్ క్యూబ్‌లు ఎన్ని తీస్తావంటాను. కాంక్రీట్ పనుల ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 31 నుంచి 50 క్యూబిక్ మీటర్ల వరకు నాలుగు శాంపిళ్లు, శాంపిల్‌కు మూడు, మొత్తం పన్నెండు. ఏడు రోజుల రిజల్ట్ కోసం ఇంకొన్ని తీస్తామని ఎవరైనా అంటే లోపల సంతోషపడతాను. ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెల్ సెట్ చేయమంటాను. పదిమందిలో ఇద్దరు చేస్తారు. ఆ ఇద్దరిని తీసుకుంటాను, వాళ్ల శాతం తర్వాత చూస్తాను.

ఇవేవీ నాలుగేళ్ల చదువు కావు. సర్వేయింగ్, ఆర్‌సీసీ, ఎస్టిమేషన్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, ఈ నాలుగూ మళ్లీ మొదటి పేజీ నుంచి చదువు. మ్యాథ్స్ పేపర్లు పోతే పోనీ. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టి రాయొచ్చు, రెజ్యూమెలో పైన రాయడానికి అది ఒక లైన్. ఐఎస్ 456, కడ్డీలు వంచే పద్ధతికి ఐఎస్ 2502, కొలతలకు ఐఎస్ 1200 బీఐఎస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దింపుకోవచ్చు. మీ ఊళ్లో ఎవరైనా ఇల్లు కడుతుంటే మేస్త్రీ పక్కన రెండు నెలలు నిలబడు. కూలి అడగకు. ఆ ఇంటి మొత్తం ఇనుము, సిమెంట్ లెక్క నీ అంతట నువ్వు వేసి, చివర్లో నిజంగా ఎంత పట్టిందో పోల్చి చూడు. ఎక్కడ తేడా వచ్చిందో ఎందుకు వచ్చిందో ఒక పేజీ రాసి ఇంటర్వ్యూకు పట్టుకెళ్లు. నా ముందుకు ఆ పేజీతో వచ్చినవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు.

మొదటి ఉద్యోగం ఎక్కడ అంటావా, మన చుట్టూనే చూడు. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంట్ ఐదు యూనిట్లు, ఒక్కొక్కటి 800 మెగావాట్లు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల కోసం ఏదుల, వట్టెం, కరివెన, ఉద్దండాపూర్ రిజర్వాయర్లు. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మట్టపల్లి బెల్టులో సిమెంట్ ఫ్యాక్టరీలు, జడ్చర్ల దగ్గర పోలేపల్లి ఫార్మా సెజ్, చౌటుప్పల్ కంపెనీలు. ఇలాంటి చోట్ల పెద్ద కంపెనీ పేరు బోర్డు మీద ఉంటుంది, లోపల పని సబ్ కాంట్రాక్టర్లది, క్వాలిటీ చెక్ థర్డ్ పార్టీ ల్యాబ్‌లది. ఫ్రెషర్లకు సందు దొరికేది వాళ్ల దగ్గరే. రెజ్యూమె మెయిల్ చేసి కూర్చుంటే ఎవరూ పిలవరు. పొద్దున ఏడింటికి సైట్ ఆఫీసుకు వెళ్లి అడగాలి. నాలుగు చోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు, ఐదో చోట ఎవరో ఒకరు కూర్చోమంటారు.

అప్రెంటిస్‌షిప్ కూడా చూడు. కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్ కింద ఏడాది శిక్షణ ఉంటుంది. 2019లో సవరించిన నిబంధనల్లో స్టైపెండ్ నెలకు కనీసం 9,000 అని పెట్టారు, ఇప్పుడెంత ఉందో పోర్టల్‌లో చూసుకో. డబ్బు తక్కువే, కానీ పేరున్న సంస్థ కాగితం చేతికొస్తుంది.

కాగితం అన్నాను కాబట్టి ఒక మాట. నా మొదటి సబ్ కాంట్రాక్టర్ జీతం నగదుగా ఇచ్చేవాడు, అదీ చివరి మూడు నెలలది ఎగ్గొట్టాడు. ఆఫర్ లెటర్ లేదు, పీఎఫ్ లేదు, రిలీవింగ్ లెటర్ లేదు. 14 నెలలు ఎండలో చేసిన పని ఏ రెజ్యూమెలోనూ లెక్కకు రాలేదు. అందుకే నువ్వు జీతం వెయ్యి తక్కువైనా సరే బ్యాంకులో వేసేవాడి దగ్గర చేరు. మొదటి నెలే యూఏఎన్ నంబర్ అడుగు. మొహమాటపడకు.

సైట్ మీద ఉండలేను అనేవాళ్లకు, ఇంట్లో పంపరు అనే ఆడపిల్లలకు క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) ల్యాబ్, బిల్లింగ్, ప్లానింగ్ ఉన్నాయి. మా ల్యాబ్ మొత్తం నడిపే అమ్మాయిది కోదాడ వైపు. ఆమెది పాస్ క్లాసే. క్యూబ్ రిజల్ట్ తక్కువొస్తే నేను బతిమాలినా సంతకం పెట్టదు.

ఎంటెక్ సంగతి. బీటెక్ మచ్చ కడుక్కోవడానికైతే వద్దు. చాలా నోటిఫికేషన్లలో అడిగేది బీటెక్ మార్కులే, ఎంటెక్‌లో 80 వచ్చినా 54 అక్కడే ఉంటుంది. రాష్ట్ర ఎంటెక్ ప్రవేశ పరీక్ష పీజీఈసెట్‌కు జనరల్ వాళ్లకు 50 శాతం, రిజర్వేషన్ వాళ్లకు 45 చాలు కాబట్టి నీకు అర్హత ఉంది. కానీ అర్హత ఉందని చేరకు. గేట్ క్వాలిఫై అయితే నెలకు 12,400 స్కాలర్‌షిప్ వస్తుంది, అలా వస్తే చెయ్. లేదంటే మూడు నాలుగేళ్లు సైట్‌లో చేసి, స్ట్రక్చర్సో జియోటెక్నికలో ఏది ఇష్టమో తెలిశాక చెయ్. ఫీజు కట్టి ఏదో కాలేజీలో రెండేళ్లు హాజరు వేయించుకోవడం మాత్రం దండగ.

తర్వాత తర్వాత మార్కులు ఎవరడుగుతారని నాకూ డౌట్ ఉండేది. కన్సల్టెన్సీలు టెండర్లలో మన సీవీ పెడతాయి, అక్కడ చూసేది డిగ్రీ ఉందా, అలాంటి ప్రాజెక్టుల్లో ఎన్నేళ్ల అనుభవం ఉంది అని. గల్ఫ్‌కు వెళ్లాలనుకుంటే సంగతి వేరే. కువైట్‌లో ఇంజినీర్‌గా గుర్తింపు కావాలంటే నీ కాలేజీకి, నీ బ్రాంచ్‌కు ఎన్‌బీఏ (ఇంజినీరింగ్ కోర్సుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని అడుగుతారు. అక్కడ డిస్టింక్షన్ వచ్చినవాడు ఆగిపోయి, పాస్ క్లాస్ వాడు వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. మీ కాలేజీ సంగతి ఇప్పుడే కనుక్కుని పెట్టుకో.

ఇంటర్వ్యూలో మార్కులు ఎందుకు తక్కువని అడిగితే లెక్చరర్ల మీద, వాల్యుయేషన్ మీద పెట్టకు. "మొదటి రెండేళ్లు చదవలేదు సార్, అప్పుడు పోయినవి తర్వాత రాసుకున్నాను. ఇప్పుడు ఈ పని నేర్చుకున్నాను" అని చెప్పి ఆ పేజీ తీసి చూపించు. రెండు వాక్యాలు చాలు.

నాన్నకు నిజం చెప్పు, ఈ వారంలోనే చెప్పు. ఊళ్లో ఎవరో చెప్తే ఆయన తల ఎత్తుకోలేడు, నువ్వే చెప్తే కోప్పడి ఊరుకుంటాడు. నేను మా నాయినకు అచ్చంపేట బస్టాండ్‌లో చెప్పాను. "పాసైనవా, లేదా?" అన్నాడు. పాసైనా అన్నాను. రెండు చాయ్‌లు చెప్పాడు. హైదరాబాద్ బస్ వచ్చేవరకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మీ నాన్న ఇంతకంటే గట్టిగా అరవొచ్చు, అరవనీ. ఒరిజినల్ మెమోలు ఆయన చేతికే ఇచ్చి బీరువాలో పెట్టమను. ల్యామినేషన్ మాత్రం చేయించొద్దని చెప్పు, రేపు అటెస్టేషన్‌లో సర్టిఫికెట్ వెనుక స్టాంపు వేయడం కుదరదు.